పొట్ట డయాలసిస్ చేసుకుంటున్నవాళ్లకు ఐరన్ మందులు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో మాది మందుల షాపు. కాశీనగరం, గుణుపురం వైపు నుంచి, ఇటు పాతపట్నం నుంచి వచ్చేవాళ్లలో ఇంట్లోనే పొట్ట డయాలసిస్ చేసుకునేవాళ్లు కొందరున్నారు. అదే సిఏపీడీ. రోజుకు మూడు నాలుగు సార్లు పొట్టలో పెట్టిన పైపు ద్వారా బ్యాగులోని నీళ్లు ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి, దించేస్తారు. మా అమ్మకూ అయిదేళ్లుగా ఇదే. ఈమధ్య "ఐరన్ ఇంజక్షన్ పొట్ట పొరను తినేస్తుంది, వేయించుకోవద్దు" అని ఫోన్లలో ఒక మెసేజ్ తిరిగింది. అది చూసి ఇద్దరు ముగ్గురు ఐరన్ సెలైన్ మానేశారు కూడా. ఒకాయన రక్తం 6.2కి దిగిపోయి, షాపు ముందున్న మూడు మెట్లు ఎక్కలేక కిందే కూలబడ్డారు.

అందుకే కౌంటర్ దగ్గర నన్నడిగే ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు. డోసు పెంచడం, తగ్గించడం, ఆపడం మీ కిడ్నీ డాక్టరు చేయాల్సిన పని. అది నా పనీ కాదు, ఫోన్లో మెసేజ్ పంపినవాళ్ల పనీ కాదు.

## మొదలుపెట్టే ముందు

పొట్ట పొర అంటే అన్నం పడే చోట ఉండే పొరేనా?

కాదు. అన్నం పడేది జీర్ణాశయంలో. దాని లోపలి పొర వేరు. డయాలసిస్‌కు వాడుకునే పొర పేరు పెరిటోనియం. మాంసం కొట్లో మేకను విప్పినప్పుడు పొట్ట గోడకు లోపలివైపు తడిగా మెరిసే పల్చటి తొడుగు కనిపిస్తుంది చూడండి, వేలితో లాగితే సాగుతూ ఊడొస్తుంది, అదే. మనిషిలో అది పొట్ట గోడ లోపలి నుంచి పేగుల మీదుగా మడతలు పడి పరుచుకుని ఉంటుంది. మడతలన్నీ విప్పితే 1 నుంచి 2 చదరపు మీటర్లు, దాదాపు మన ఒంటి చర్మమంత వస్తుంది.

దాని పైన ఒకే ఒక్క వరస కణాలుంటాయి. మీసోథీలియల్ కణాలంటారు. నేల మీద పరిచిన టైల్స్ లాగా ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉంటాయి. పేగులు రాసుకోకుండా జారేలా జిగట ద్రవం ఊరించేది ఇవే. పొట్టలోకి క్రిములు చొరబడితే ముందుగా కబురు పంపేదీ ఇవే. బ్యాగు నీళ్లు నేరుగా తగిలేది ఈ వరసకే. అందుకే పొట్ట డయాలసిస్ ఎన్నేళ్లు నడుస్తుందన్నది చాలావరకు ఈ పొర ఆరోగ్యం మీద ఆధారపడి ఉంటుంది.

ఐరన్ మాత్ర వేసుకుంటే పొట్టలో మంట. పొర దెబ్బతింటోందా?

ఆ మంట జీర్ణాశయం లోపలి పొరది. డయాలసిస్ జరిగే పెరిటోనియానికి దానితో సంబంధం లేదు. ఫెర్రస్ సల్ఫేట్ లాంటి మాత్రలు కొందరికి వికారం, మంట, నోట్లో తుప్పు రుచి తెస్తాయి. మాత్ర గొంతు దగ్గర లేదా జీర్ణాశయం గోడకు అతుక్కుని కరిగితే అక్కడ చిన్న పుండు కూడా పడొచ్చు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు. మీకు నీళ్ల లెక్క ఉంటే ఆ గ్లాసును కూడా లెక్కలో కలుపుకోండి. మంట తగ్గకపోతే మందు మార్చమని అడగండి, మీ అంతట మీరు మానేయకండి.

కిడ్నీ పాడైతే రక్తం ఎందుకు తగ్గుతుంది? చోడి (రాగి) అంబలి, బెల్లం, తోటకూర పెడితే రాదా?

ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్లే అడుగుతారు, తప్పేం లేదు. మామూలు మనిషికి రక్తం తక్కువైతే తిండితో కొంత కూడుకుంటుంది. కిడ్నీ జబ్బులో సంగతి వేరు. ఎర్ర కణాలు తయారు చేయమని ఎముక మజ్జకు చెప్పే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోను కిడ్నీల నుంచే వస్తుంది. కిడ్నీ చెడితే అది తగ్గుతుంది. షాపులో "రక్తం ఇంజక్షన్" అని అడిగేది దీన్నే.

రెండో చిక్కు హెప్సిడిన్. ఇది కాలేయం చేసే పదార్థం, పేగుల్లోంచి ఇనుము రక్తంలోకి వెళ్లే తలుపుకు గడియ పెడుతుంది. కిడ్నీ జబ్బులో, ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు ఇది పెరిగిపోతుంది. ఎంత చోడి అంబలి తాగినా గడియ పడ్డ తలుపు ముందు ఇనుము నిలబడిపోతుంది. పైగా చోడిలో ఉండే ఫైటేట్లు ఇనుమును పట్టుకుని వదలవు. అంబలి మానేయమని కాదు, దాన్ని మందు లెక్కలో వేయొద్దు. బెల్లం సంగతి సరేసరి. బ్యాగు నీళ్ల నుంచే రోజూ చక్కెర ఒంట్లోకి వెళుతోంది, మళ్లీ బెల్లమెందుకు?

మాత్రలు ఉండగా సెలైన్ ఎందుకు పెడతారు?

హెప్సిడిన్ పేగు తలుపు మూసేసినప్పుడు మాత్రలో ఉన్న ఇనుములో కొద్ది భాగమే రక్తంలోకి వెళుతుంది. నరంలోకి ఎక్కిస్తే ఆ తలుపుతో పని లేదు. అలాగని అందరికీ సెలైన్ అక్కర్లేదు. పొట్ట డయాలసిస్‌లో మెషిన్ డయాలసిస్‌లో పోయినంత రక్తం పోదు. మెషిన్ మీద గొట్టాల్లో, ఫిల్టర్లో మిగిలే రక్తంతో ఏడాదికి 1 నుంచి 3 గ్రాముల ఇనుము పోతుంది. బ్యాగులవాళ్లకు ఆ నష్టం చాలా తక్కువ. అందుకే కొందరు డాక్టర్లు ముందు కొన్ని నెలలు మాత్ర ఇచ్చి, పరీక్షలో పెరగకపోతే అప్పుడు సెలైన్ రాస్తారు. అది డబ్బు మిగల్చడానికి చేసే పని కాదు, అదొక పద్ధతి.

మాత్ర వేసుకునేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. కాల్షియం మాత్ర, గ్యాస్ మాత్ర, టీ, ఐరన్ అన్నీ పొద్దున్నే ఒక గుక్కలో. ఐరన్‌కూ వాటికీ మధ్య కనీసం రెండు గంటలు వదలండి.

మా పిల్లాడికి సికిల్ సెల్ అన్నారు. వాడికీ రక్తం తక్కువే, నా ఐరన్ వాడికి ఇవ్వొచ్చా?

వద్దు. రాయగడ, కోరాపుట్, గజపతి వైపు, అక్కడ మహారాష్ట్రలో గడ్చిరోలి వైపు సికిల్ సెల్, తలసీమియా ఎక్కువ. సికిల్ సెల్‌ను 2047 నాటికి నిర్మూలించాలని కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో మిషన్ మొదలుపెట్టింది కూడా. వీటిలో రక్తం తగ్గడానికి కారణం ఎర్ర కణాల తయారీలో ఉన్న లోపం. ఇనుము తక్కువై కాదు. పైగా రక్తం ఎక్కించుకున్న ప్రతి యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. మన ఒంటికి అదనపు ఇనుమును బయటికి పంపే దారి లేదు. పరీక్ష చేయించకుండా ఐరన్ ఇస్తే గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. కిడ్నీ పేషెంటుకే సికిల్ సెల్ కూడా ఉంటే, ఆ మాట కిడ్నీ డాక్టరుకు ముందుగానే చెప్పాలి.

## భయం ఎక్కడ మొదలైంది

ఇనుము ఈ కణాలను ఏం చేస్తుందని అంటున్నారు?

మెసేజ్‌లో రాసింది పూర్తిగా కల్పన కాదు. కాస్త నిజం ఉంది, దాన్ని భూతద్దంలో చూపించారు.

ఒంట్లో ఇనుము మామూలుగా ఒంటరిగా తిరగదు. రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ దాన్ని మోసుకెళుతుంది, కణాల్లో ఫెరిటిన్ దాచి పెడుతుంది. ఈ రెండింటి చేతుల్లోంచి జారిపోయిన విడి ఇనుముతోనే ప్రమాదం. కణాల్లో మామూలుగా తయారయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో అది కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ అనే కసాయి పుడుతుంది. ఎదురైన కొవ్వు పొరనూ ప్రోటీన్‌నూ డీఎన్ఏనూ కోసుకుంటూ పోతుంది. ఫెంటన్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త 1894లోనే ఇనుము, పెరాక్సైడ్ కలిసి చేసే ఈ పనిని రాశాడు. అందుకే దీన్ని ఫెంటన్ చర్య అంటారు.

మీసోథీలియల్ కణాలను గాజు పాత్రలో పెంచి, వాటిపై నరంలోకి ఎక్కించే ఐరన్ సుక్రోజ్ అనే మందు పోసి చూసినప్పుడు కనిపించింది ఇదే. పోలండ్‌లోని పోజ్నాన్‌లో పరిశోధకులు 2000 తర్వాతి దశకంలో దీని మీద వరసగా పని చేశారు. కణాల్లో ఆక్సిడేషన్ ఒత్తిడి పెరిగింది, వాటి తీరు మారింది. గట్టిగా దెబ్బతిన్న మీసోథీలియల్ కణం ఇంకో పని కూడా చేస్తుంది. టైల్ లాంటి ఆకారం వదిలేసి, సాగిపోయి, మచ్చ కణజాలం అల్లే కణంలా మారుతుంది. అలా చాలాకాలం జరిగితే పల్చటి పొర మందమవుతుంది, నీరు సరిగ్గా దిగదు.

నరంలోకి ఎక్కించిన మందు పొట్టలోకి ఎలా వస్తుంది?

పెరిటోనియం కింద సన్నటి రక్తనాళాల వల ఉంటుంది. డయాలసిస్ జరిగేది ఆ నాళాల గోడల మీదుగానే. యూరియా లాంటి చిన్న అణువులు సులువుగా దాటతాయి, పెద్దవి కూడా కొన్ని జారుకుంటాయి. పొట్ట డయాలసిస్‌లో రోజుకు 5 నుంచి 10 గ్రాముల ప్రోటీన్ బ్యాగులోకి పోతుంది. డాక్టర్లు గుడ్డు తెల్లసొన తినమని పోరేది అందుకే. ప్రోటీన్ దాటే దారిలోనే ట్రాన్స్‌ఫెరిన్‌ను పట్టుకున్న ఇనుము కూడా కొంత దాటగలదు.

పోజ్నాన్ బృందం ఐరన్ సుక్రోజ్ ఎక్కించాక పేషెంట్ల పొట్ట నుంచి దిగిన నీళ్లను కూడా పరీక్షించి, పొట్ట లోపలి పరిస్థితిలో మార్పు వస్తోందని 2009లో రాసింది. ఇనుము అక్కడిదాకా వస్తుందా అంటే వస్తుంది. వచ్చేది మాత్రం రక్తంలో ఉన్నంత మోతాదు కాదు.

మరి మనుషుల పొర పాడైనట్టు తేలిందా? సూటిగా చెప్పండి.

సూటిగా చెప్పాలంటే, గాజు పాత్రలో కణానికీ మీ పొట్టలో కణానికీ చాలా తేడా ఉంది. పాత్రలో కణం మీద ఇనుము గంటల తరబడి నిలిచి ఉంటుంది, పట్టుకోవడానికి ట్రాన్స్‌ఫెరిన్ ఉండదు, కాపాడే రక్తప్రవాహం ఉండదు. పొట్టలో ట్రాన్స్‌ఫెరిన్, రక్తప్రవాహం రెండూ ఉన్నాయి. దెబ్బతిన్న కణం రాలిపోతే పక్క కణాలు ఆ ఖాళీని పూడుస్తాయి. ల్యాబ్ ఫలితం చూసి సరైన డోసులో ఇచ్చే ఐరన్ వల్ల పేషెంటు పొర పోతుందని చెప్పేయడం తప్పు. దాన్ని చూసి అవసరం లేని ఐరన్ ఎక్కించకూడదని అనుకోవడం సబబు. నేను ఈ రెండో పక్షం.

ఐరన్ వల్ల పొట్ట పొరకు క్యాన్సర్ వస్తుందట?

ఇది 1989లో జపాన్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చిన మాట. ఐరన్ శాకరేట్ అనే ఇనుము మందును నేరుగా ఎలుకల పొట్టలోకి పదే పదే పొడిచారు. కొన్నింటిలో మీసోథీలియోమా వచ్చింది. ఈ క్యాన్సర్ మనుషుల్లో ప్రధానంగా ఆస్బెస్టాస్ వల్ల వస్తుంది. ఆస్బెస్టాస్ నారలో ఉండే ఇనుము కూడా అక్కడ చెడ్డ పాత్ర పోషిస్తుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. మీకు ఎక్కించేది నరంలోకి, ట్రాన్స్‌ఫెరిన్ చేతుల్లోకి. పొట్టలోకి పొడవడం వేరు. ఈ ప్రయోగాన్ని మీ సెలైన్‌కు అంటగట్టి భయపెట్టేవాళ్ల మాట నమ్మకండి.

పొరను నిజంగా పాడుచేసేది ఏది మరి?

రెండు. ఒకటి పొట్టలో ఇన్ఫెక్షన్, పెరిటోనైటిస్. చేతులు సరిగ్గా కడుక్కోకుండా, ఫ్యాను కింద బ్యాగు మార్చడం లాంటి వాటితో వస్తుంది. గట్టిగా ఒక్కసారి వచ్చినా పొర మీద గాయం మిగులుతుంది.

రెండోది బ్యాగులోని చక్కెర. 1.5, 2.5, 4.25 శాతం బ్యాగులుంటాయి. కొన్ని కంపెనీలు క్లిప్పు రంగుతో గుర్తు పెడతాయి: పసుపు, ఆకుపచ్చ, ఎరుపు. చక్కెర ఎక్కువైతే నీరు ఎక్కువ లాగుతుంది, అందుకే కాళ్లు వాచినప్పుడు ఎర్ర క్లిప్పు బ్యాగు వేయమంటారు. ఏళ్ల తరబడి పొర మందం కావడంలో ఈ చక్కెరకూ, బ్యాగు వేడి చేసి శుద్ధి చేసేటప్పుడు చక్కెర విరిగి పుట్టే పదార్థాలకూ పెద్ద వాటా ఉందని బాగా తెలిసిన విషయం. ఎండు చేప, ఆవకాయ దండిగా తిని సాయంత్రం ఎర్ర బ్యాగు వేసుకుని సరిచేసుకునే అలవాటు చాలామందికి ఉంది. ఐరన్ గురించి భయపడే మనిషి ఈ అలవాటు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగడు.

## ఎక్కించుకునే రోజు

ఐరన్ ఇంజక్షన్లలో ఏది మంచిది?

మన దగ్గర ఎక్కువగా రాసేవి రెండు. ఐరన్ సుక్రోజ్ 5 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 100 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. చిక్కటి కషాయం రంగు. దాన్ని నార్మల్ సెలైన్‌లో మాత్రమే కలపాలి, గ్లూకోజ్ బాటిల్‌లో కాదు. రెండోది ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్. ఖరీదు ఎక్కువ, ఇనుమును మెల్లగా వదులుతుంది, తక్కువ సార్లతో పని అవుతుంది. కొందరిలో ఫాస్ఫరస్ బాగా తగ్గించే గుణం దీనికి ఉంది, కిడ్నీ పూర్తిగా చెడినవాళ్లలో అది తక్కువ.

పాత ఐరన్ డెక్స్‌ట్రాన్ రకాల్లో తీవ్రమైన అలర్జీ ఎక్కువగా వచ్చేది. ఇప్పుడు దాన్ని దాదాపు ఎవరూ అడగరు.

ఒకేసారి పెద్ద డోసు ఇస్తామంటున్నారు. కొంచెం కొంచెంగా తీసుకుంటే పొరకు మంచిదా?

మెషిన్ డయాలసిస్‌వాళ్లు వారానికి రెండు మూడు సార్లు సెంటర్‌కు వెళతారు కాబట్టి ప్రతిసారీ కొద్దిగా ఇవ్వొచ్చు. బ్యాగులవాళ్లు నెలకోసారి కనిపిస్తారు. అందుకే పెద్ద డోసులు. అమెరికాలో పొట్ట డయాలసిస్‌వాళ్లకు ఐరన్ సుక్రోజ్ కోసం ఆమోదించిన పద్ధతి ఇలా ఉంటుంది: 300 మిల్లీగ్రాములు గంటన్నరలో, 14 రోజులకు మళ్లీ 300, ఇంకో 14 రోజులకు 400 మిల్లీగ్రాములు రెండున్నర గంటల్లో.

మోతాదు ఎంత పెద్దదో, ఎంత వేగంగా ఎక్కించారో దాన్నిబట్టి ట్రాన్స్‌ఫెరిన్ పట్టలేక విడి ఇనుము మిగిలే అవకాశం పెరుగుతుంది. కాబట్టి మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది వేగం దగ్గర. బస్సు టైమ్ అవుతోందని సిస్టర్‌ను తొందరపెట్టి రోలర్ తిప్పించుకునేవాళ్లను చూశాను. రెండు గంటల మందును అరగంటలో దించితే బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. పొర సంగతి తర్వాత, ముందు మంచం మీంచి లేవలేరు.

వైజాగ్, బరంపురం వెళ్లి రావడం కష్టం. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఎక్కించుకోవచ్చా?

వద్దు. అలర్జీ అరుదే, కానీ వస్తే అడ్రినలిన్, ఆక్సిజన్ నిమిషాల్లో కావాలి. ఎక్కించాక అరగంట పాటు బీపీ చూడాలి. దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరుకు మీ కిడ్నీ డాక్టరు చీటీ చూపించి అక్కడ ఎక్కించుకోవచ్చేమో అడగండి.

రోజూ బ్యాగు ఎక్కిస్తూనే ఉన్నాం కదా, ఐరన్‌ను అందులోనే కలిపేస్తే?

ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. గుణుపురం నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఇదే అడిగాడు, బాగా చదువుకున్నవాడే. యాంటీబయాటిక్ కలపమన్నప్పుడు కలుపుతున్నాం కదా అన్నది అతని లెక్క. నరంలోకి ఇచ్చే ఐరన్ మందులు పొట్టలోకి ఇవ్వడానికి చేసినవి కావు. నేరుగా పొట్టలో పడితే రక్తంలో కలవకముందే ఆ ఒక్క వరస కణాల మీదే మొత్తం మోతాదు పడుతుంది. ల్యాబ్‌లో కణాలకు హాని చూపిన పరిస్థితిని ఇంట్లో సృష్టించినట్టవుతుంది.

సెలైన్ పెట్టిన చోట గోధుమరంగు మచ్చ పడింది. పోతుందా?

సూది నరం దాటి మందు చర్మం కిందికి కారితే ఇనుము అక్కడే స్థిరపడుతుంది. మచ్చ నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటుంది. మా అమ్మ ఎడమ ముంజేతి మీద అరచెయ్యంత మచ్చ ఉంది, మూడేళ్లయింది. ఒక ఆస్పత్రిలో కట్టుతో కప్పి వెళ్లిపోయారు. అమ్మ "మండుతోందమ్మా" అంటే "ఐరన్ అలాగే ఉంటుంది" అన్నారు. కట్టు విప్పేసరికి చెయ్యి ఉబ్బి ఉంది. మంటగానీ వాపుగానీ తెలిస్తే ఆ క్షణమే ఆపమనండి.

ఇంకో మాట. సూది అరచేతి వెనక పెట్టమని అడగండి. ఎప్పుడైనా మెషిన్ డయాలసిస్‌కు మారాల్సి వస్తే ఫిస్టులాకు (మెషిన్ సూదులు పెట్టడానికి చేతిలో రెండు రక్తనాళాలను కలిపి చేసే ఏర్పాటుకు) ముంజేతి నరాలు కావాలి.

## ఎక్కించుకున్నాక

బ్యాగు మసగ్గా దిగింది, రేపు ఐరన్ సెలైన్ ఉంది. వెళ్లాలా?

ఆస్పత్రికి వెళ్లాలి, అదీ రేపు కాదు ఇవాళే. ఐరన్ కోసం మాత్రం కాదు. బ్యాగు మసకబారడం పెరిటోనైటిస్ గుర్తు. దిగిన నీళ్లలో మైక్రోలీటరుకు 100కు మించి తెల్ల కణాలు ఉండి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అయితే ఇన్ఫెక్షన్ అని లెక్క. క్రిములకు కూడా బతకడానికి ఇనుము కావాలి. ఒంట్లో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మన కాలేయం హెప్సిడిన్ పెంచి ఇనుమును దాచేసేది అందుకే. అలాంటి సమయంలో నరంలోకి ఐరన్ ఎక్కించకూడదని కిడ్నీ మార్గదర్శకాలు చెబుతాయి. మసక బ్యాగును పారేయకుండా క్లిప్పు వేసి పరీక్షకు తీసుకెళ్లండి.

ఐరన్ తర్వాత బ్యాగు నీళ్ల రంగు మారుతుందా?

మామూలుగా దిగే నీళ్లు లేత పసుపు రంగులో, అవతలి వైపు కనబడేలా ఉండాలి. బ్యాగు కింద న్యూస్‌పేపర్ పెట్టి చూడండి. అక్షరాలు చదవగలిగితే సరే. ఎర్రగా, గోధుమరంగులో, మసగ్గా ఏది దిగినా "ఐరన్ వల్లేలే" అని మీరే తీర్మానించుకోకండి. ఆ బ్యాగును దాచి డయాలసిస్ యూనిట్‌కు ఫోన్ చేయండి.

మలం నల్లగా వస్తోంది, మలబద్ధకం, పైగా బ్యాగు పూర్తిగా దిగట్లేదు. ఐరన్ వల్లేనా?

మాత్రలు వేసుకుంటే మలం నల్లబడటం మామూలే. తారులా జిగటగా, ఘాటు వాసనతో వస్తే అది రక్తం కావొచ్చు, చూపించుకోవాలి. మలబద్ధకాన్ని మాత్రం పొట్ట డయాలసిస్‌వాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు. నిండిన పేగు పైపును పక్కకు నెడుతుంది, నీళ్లు లోపలే మిగులుతాయి. రెండు లీటర్లు పోస్తే లీటరున్నర దిగిందని కంగారుగా వచ్చే చాలామందికి లాక్టులోజ్ అనే విరేచనం మందుతోనే సమస్య తీరిపోతుంది. ఐరన్ మాత్రల వల్ల పొట్ట డయాలసిస్‌కు జరిగే ఇబ్బందుల్లో నా షాపులో నేను ఎక్కువగా చూసేది ఇదే.

ఫెరిటిన్ 800 ఉంది, అయినా రక్తం 8. ఐరన్ ఎక్కువైందా, తక్కువైందా?

ఒక్క ఫెరిటిన్ చూసి చెప్పలేరు. ఫెరిటిన్ నిల్వ ఉన్న ఇనుమును చూపిస్తుంది, కానీ ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. దాంతోపాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ చూడాలి. రిపోర్టులో టీశాట్ అని ఉంటుంది. కేడీగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ 2012 నాటి మార్గదర్శకం ప్రకారం పెద్దవాళ్లలో శాచురేషన్ 30 శాతం లోపు, ఫెరిటిన్ 500 లోపు ఉన్నప్పుడు ఐరన్ ఇచ్చి చూడొచ్చు. 800 ఉంటే ముందు ఇన్ఫెక్షన్ ఎక్కడైనా ఉందా అని వెతకాలి. సెలైన్ ఎక్కించుకున్న వారంలోపు ఈ పరీక్షలు చేయించొద్దు, అంకెలు తప్పుగా పైకి కనిపిస్తాయి.

మెషిన్ డయాలసిస్‌వాళ్లకు నెలనెలా ఐరన్ ఇస్తే మంచిదని తేలిందటగా. మాకూ ఇవ్వమనొచ్చా?

పివోటల్ అనే బ్రిటన్ పరిశోధన గురించి ఆ మాట. 2,141 మంది మెషిన్ డయాలసిస్ పేషెంట్లు. నెలకు 400 మిల్లీగ్రాముల ఐరన్ సుక్రోజ్ ముందుగానే ఇచ్చినవాళ్లలో గుండె సమస్యలు, మరణాలు తక్కువగా ఉన్నాయి, ఇన్ఫెక్షన్లు పెరగలేదు. ఐరన్ అంటే విషం అనేవాళ్లకు ఇది మంచి జవాబు. కానీ ఆ పరిశోధనలో బ్యాగులవాళ్లు లేరు. మీకు రక్తం పోయే లెక్క వేరు, పొర సంగతి అదనం. కాబట్టి అదే డోసు కావాలని పట్టుబట్టకండి.

విటమిన్ సి, యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే పొరను కాపాడుకోవచ్చా?

పెద్ద డోసు విటమిన్ సి వద్దు. అది ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది, కిడ్నీ లేని ఒంట్లోంచి ఆక్సలేట్ బయటికి పోక పేరుకుంటుంది. ఇంకో చిత్రం కూడా ఉంది. విడి ఇనుము ఉన్నచోట విటమిన్ సి ఆ ఇనుమును మళ్లీ మళ్లీ చురుకైన రూపంలోకి తెచ్చి హానికర రాడికల్స్‌ను పెంచగలదు. డాక్టరు రాసిన చిన్న డోసు చాలు.

ఇంజక్షన్ లేకుండా మాత్రతోనే రక్తం పెరుగుతుందని విన్నాం. ఐరన్ మానేయొచ్చా?

డెసిడుస్టాట్ అనే మాత్రకు మన దేశంలో 2022లో అనుమతి వచ్చింది. ఒంటికి ఆక్సిజన్ తక్కువైందన్న భ్రమ కలిగించి ఎరిత్రోపొయిటిన్ తయారు చేయిస్తుంది. ఎర్ర కణం కట్టడానికి ఇనుము మాత్రం కావాల్సిందే. డాక్టరు రాస్తేనే వాడాలి.

పొర బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

పెట్ (పెరిటోనియల్ ఈక్విలిబ్రేషన్ టెస్ట్) అనే పరీక్ష ఉంది, ఇది స్కాన్ కాదు. బ్యాగు ఎక్కించి నాలుగు గంటలు ఉంచి, దిగిన నీళ్లలో, రక్తంలో క్రియాటినిన్, చక్కెర ఎంతుందో పోల్చి చూస్తారు. పొర ఎంత వేగంగా పనిచేస్తోందో దానితో తెలుస్తుంది. ఇంట్లో మీరు చూడగలిగింది నికరంగా దిగిన నీరు. అదే బ్యాగుకు నెలనెలా తక్కువ దిగుతుంటే, కాళ్లు వాస్తుంటే డాక్టరుకు చెప్పండి.

కార్డు ఒడిశాది, డాక్టరు ఆంధ్రాలో, పరీక్షలు ఇంకోచోట. ఏం రాసి పెట్టుకోవాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని చుట్టాలకు అందే ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య పథకం మనకు అందదు. దాంతో ఒకే మనిషి ఫైలు మూడు ఆస్పత్రుల్లో మూడు ముక్కలుగా ఉంటుంది. ఒకచోట ఐరన్ ఎక్కించిన సంగతి ఇంకోచోట తెలియక పది రోజులకే మళ్లీ ఎక్కించిన కేసు నా కళ్లముందే జరిగింది. అందుకని ఒక పాతిక రూపాయల నోటుబుక్కు పెట్టండి. తేదీ, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎంతసేపట్లో ఎక్కించారు, ఏ చేతికి, ఆ నెల రక్తం, ఫెరిటిన్, శాచురేషన్, వీటికి గళ్లు గీయండి. అంకెలు ఇంగ్లీషు అంకెల్లో రాస్తే ఒడియా డాక్టరైనా తెలుగు డాక్టరైనా చదవగలరు.

మా అమ్మ నోటుబుక్కులో చివరి గడి "బ్యాగు ఎలా దిగింది" అని. రోజూ దిగిన బ్యాగు కింద పేపరు పెట్టి చూస్తుంది. స్పష్టంగా ఉన్న రోజు ఆ గడిలో టిక్కు పెట్టదు, తాను చదివిన మొదటి మాట రాస్తుంది. నిన్నటి గడిలో "జీడిపప్పు ధర" అని ఉంది.